ఆరు ఫారాల సగటు

స్కూలు, కౌన్సెలర్ గది
ఆగస్టు 4

వదినా,

ఫోన్ ఉండగా ఈ ఉత్తరం ఏమిటా అనుకుంటున్నావు కదూ? కళ్ళజోళ్ళ షాపు ఆర్డర్లన్నీ నీ ఫోన్‌కే వస్తాయి కాబట్టి అది పొద్దస్తమానం అన్నయ్య చేతిలోనే ఉంటుంది. ఇప్పుడు నేను రాసేది అన్నయ్య కంట పడకూడదు. మీ కాలేజీలో పూర్వ విద్యార్థుల ఉత్తరాలు విప్పే గుమస్తావి నువ్వే. నేనూ పూర్వ విద్యార్థినే. అందుకని దర్జాగా ఆఫీసు చిరునామాకే రాస్తున్నాను.

నిన్న మీ కాలేజీ నుంచి నాకో కవరు వచ్చింది. లోపల ఈ ఏటి బ్రోచరు, తియ్యటి మాటలతో నన్ను కాలేజీలో చేర్పించిన మీ పైఅధికారి తేనె మేడమ్ సంతకంతో ఒక ఆహ్వానం. నవంబరులో అడ్మిషన్ల సభట. స్టూడెంట్ కౌన్సెలింగ్‌లో ఎం.ఏ. చేసి జీవితంలో స్థిరపడిన దానిగా నేను వచ్చి ఐదు నిమిషాలు మాట్లాడాలట. స్థిరపడ్డానట వదినా! నా గది చూస్తే తెలుస్తుంది ఎంత స్థిరపడ్డానో. ఒక పక్క ఆటసామాన్ల కొట్టు, ఇంకో పక్క నీళ్ళ మోటారు. ఏ పిల్లైనా ఏడుస్తూ అసలు విషయం చెప్పబోయే సరికి మోటారు మొదలవుతుంది. ట్యాంకు నిండేదాకా ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చుంటాం.

బ్రోచరు మూడో పేజీలో రాశారు, ఈ చదువు చదివినవాళ్ళ సగటు జీతం నెలకి అరవై ఒక్క వేలని. నాది ఇరవై నాలుగు. అందులో పద్నాలుగు వేలు చదువు అప్పు కింద బ్యాంకు పట్టుకుపోతుంది. మిగిలిన పదితో అద్దె కట్టి, ఈ నెల చెప్పులు కొనాలా, పంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాలా అని తేల్చుకోలేక రెండూ మానేశాను. ఇంకా ఆరేళ్ళు ఇదే బతుకు.

నేను చేరిన ఏడాది యాభై ఐదు వేలన్నారు. ఆ మాట నమ్మే అన్నయ్య షాపు హామీగా పెట్టాడు. ఊరందరి చూపూ సరిచేసే మనిషి, నా అప్పు కాగితం మాత్రం చదవకుండా సంతకం చేశాడు.

ఆ అరవై ఒకటి ఏ గంగలోంచి తేలిందో నాకు కావాలి. జీతాల వివరాలు అడుగుతూ అందరికీ ఫారాలు పంపారు కదా, అవి మీ విభాగంలోనే ఉండాలి. నాకు చూసి చెప్పు. ఆవిడ ఇచ్చిన ఐదు నిమిషాల్లోనే ఆవిడ పరువు గంగలో కలుపుతాను. అప్పటిదాకా నా కడుపుమంట చల్లారదు.

నీ ఆడపడుచు


పూర్వ విద్యార్థుల విభాగం, భోజన విరామం
ఆగస్టు 13

ఆడపడుచు గారికి దండాలు,

ఆడబిడ్డ అర్ధమొగుడని ఊరికే అనలేదు పెద్దలు. ఉత్తరంలో కూడా హుకుం జారీ చెయ్యడమే! ఉన్న మొగుడితోనే వేగలేక చస్తున్నాను, ఇంకో సగం ఎక్కడ భరించను?

ఫీజుల సెక్షన్ నుంచి నన్ను ఈ కుర్చీలోకి మార్చి ఏడాదే అయింది. ఆ ఫారాలు అంతకు ముందువి. ఇనప బీరువాలో ఉన్నాయి. తాళంచెవి తేనె మేడమ్ సొరుగులో ఉంటుంది, ఆ సొరుగు ఆవిడ మోచేతి కింద ఉంటుంది. నీళ్ళలో ఉండి మొసలితో వైరం పెట్టుకోమంటావా? నా జీతంతోనే కదా ఇంటి అద్దె గడుస్తోంది. షాపు సంపాదన షాపుకే సరిపోతోందని నీకూ తెలుసు.

పైగా ఆవిడ చెడ్డగా మాట్లాడే మనిషి కూడా కాదు. నిన్న నాకు తలనొప్పిగా ఉందని తెలిసి తనే ఫ్యాను వేగం తగ్గించింది. అలాంటివాళ్ళ మీద పగ తీర్చుకోవడం చాలా కష్టం. చుట్టూ ఉన్నవాళ్ళు మనల్నే రాక్షసి అంటారు.

నేను వద్దనడానికి ఇంకో కారణం కూడా ఉంది. అది ఇప్పుడు కాగితం మీద పెట్టలేను. సభకి రాలేనని ఒక ముక్క రాసి పడెయ్. చెప్పులు నేను కొనిస్తాను, పంటి సంగతి నువ్వు చూసుకో.

నీ వదిన


స్కూలు, కౌన్సెలర్ గది
సెప్టెంబరు 9

వదినా,

చెప్పులు అందాయి. సరిపోయాయి. కోపం మాత్రం తగ్గలేదు.

పోయిన వారానికి నేను రెండు నెలల వాయిదాలు తప్పి ఉన్నాను. నాకు ఫోన్ చెయ్యకుండా బ్యాంకువాడు నేరుగా షాపుకి వెళ్ళాడట. అన్నయ్య నీకు చెప్పి ఉండడు. కొనడానికి వచ్చినవాళ్ళు ముగ్గురు ఉండగా కౌంటర్ ముందు నిలబడి, "మీ చెల్లెలి అప్పు కట్టకపోతే ఈ షాపు మాదవుతుంది, తెలుసుగా?" అన్నాడట. వాళ్ళలో ఒకావిడ కళ్ళజోడు ఆర్డరు ఇవ్వకుండానే వెళ్ళిపోయిందట. ఇదంతా అన్నయ్య నాకు నవ్వుతూ చెప్పాడు.

ఫ్యాను తగ్గించిందని మురిసిపోతున్నావు. నా మీద ఆవిడ ఏం ప్రయోగించిందో విను. కోర్సులో చేరబోయే రోజు, తొమ్మిది లక్షల అప్పంటే నాకు భయమని చెప్పాను. ఆవిడ కుర్చీ నా పక్కకి జరుపుకుని, "ఆ భయం పక్కన పెడితే, మీ లోపలి మనిషి ఏం కోరుకుంటోంది? మీకు ఎలా అనిపిస్తోంది?" అని అడిగింది. నా జన్మలో నన్నెవరూ అలా అడగలేదు. ఏడ్చాను. ఆ ఏడుపులోనే సంతకం పెట్టేశాను. రెండో సెమిస్టర్‌లో అదే పాఠం చెప్పారు వదినా! ఎదుటి మనిషికి సలహా ఇవ్వొద్దు, ప్రశ్నలు అడుగు, తనంతట తనే నిర్ణయం తీసుకున్నట్టు ఉంటుంది అని. నేను డబ్బు కట్టి నేర్చుకున్నది నన్ను పడగొట్టిన పట్టే.

అందుకే అందరి ముందూ ఆవిడ నోట మాట రాకుండా చెయ్యాలి. ఆవిడ చెమట తుడుచుకోవడం నేను కళ్ళారా చూడాలి. నువ్వు సాయం చేస్తే సరే, చెయ్యకపోతే ఊహించుకున్న అంకెలతోనైనా ఎక్కుతాను వేదిక.

నీ ఆడపడుచు


పూర్వ విద్యార్థుల విభాగం, అందరూ వెళ్ళాక
సెప్టెంబరు 28

అమ్మడూ,

బీరువా తెరిచాను.

మేడమ్ మీటింగ్‌కి వెళ్తూ, పాత ఫోటోలు తియ్యమని తాళంచెవి నా చేతికే ఇచ్చింది. ఫోటోల కిందే ఉంది ఫైలు. మూడు బ్యాచ్‌లు కలిపి పాసైనవాళ్ళు అరవై ముగ్గురు. జవాబిచ్చింది పదకొండు మంది. అందులో ఐదింటి మీద ఎర్ర ఇంకుతో అసంపూర్ణం అని రాసి పక్కన పెట్టారు. ఏం అసంపూర్ణమా అని చూస్తే, ముగ్గురు ఉద్యోగం లేదని రాశారు, ఇద్దరు రోజుకి ఒక పూట పనులు చేసుకుంటున్నారు. అంత నిజాయితీగా రాసినవాళ్ళవి అసంపూర్ణమట! మిగిలిన ఆరు ఫారాల సగటే ఆ అరవై ఒకటి.

ఆ ఆరింటిలోనూ ఒకటి లక్షా ఇరవై వేలు. మిగతావన్నీ నలభైలు, యాభైలు, ఒకటి డెబ్భైకి దగ్గర. ఆ ఒక్క ఫారం తీసేస్తే సగటు నలభై తొమ్మిదికి పడిపోతుంది. పేర్లు లేవు, రోల్ నంబర్లూ టిక్కులూ అంకెలే. నంబర్ల పక్కన పేర్లుండే పట్టిక ఫీజుల సెక్షన్‌లో ఉంటుంది, అక్కడ నాకు అడ్డు లేదు.

ఇక నేను దాచిన సంగతి. మా చెల్లి ఈ జులైలో అదే కోర్సులో చేరింది. ఆసుపత్రి రిసెప్షన్‌లో ఆరేళ్ళ ఉద్యోగం మానేసి చేరింది. చేర్పించింది నేను, హామీ సంతకం నాది. నీ అవస్థ కళ్ళతో చూస్తూ కూడా ఎందుకు చేర్పించానంటే, నీకు అదృష్టం కలిసి రాలేదనుకున్నాను. సగటు అరవై ఒకటి ఉందంటే నీలాంటి వాళ్ళు ఒకరిద్దరే అయి ఉంటారనుకున్నాను. నీకు చెబితే గొడవ చేస్తావని చెప్పలేదు.

ఇప్పుడు నీకంటే నాకే ఎక్కువ మండుతోంది. మేడమ్ సంగతి సభలో నువ్వు చూడు. ఆ లక్షా ఇరవై రాసిన మహాతల్లి ఎవరో నేను చూస్తాను. దొరికిందా, ఇంటికి వెళ్ళి మరీ కడిగేస్తాను. నిజంగా అంత వస్తుంటే చూపించమంటాను, అబద్ధమైతే మా చెల్లి ముందు నిలబెట్టి చెప్పిస్తాను.

నీ వదిన


స్కూలు, కౌన్సెలర్ గది
అక్టోబరు 6

ప్రియమైన వదినకి,

నువ్వు ఎంత బాధలో ఉన్నావో నాకు అర్థమవుతోంది. నీ కోపంలో న్యాయం ఉంది. కానీ కోపంలో ఉన్నప్పుడు మనం తీసుకునే నిర్ణయాలు తర్వాత మనకే భారమవుతాయి. ఒక్కసారి నిదానంగా ఆలోచిద్దాం.

ఆ ఫారం రాసిన అమ్మాయి ఏ పరిస్థితిలో రాసిందో మనకి తెలియదు. ఆ పట్టిక నువ్వు తియ్యొద్దు. దొరికితే నీ ఉద్యోగానికి ముప్పు. సభ కూడా వదిలేద్దామనిపిస్తోంది. ఏదో కారణం రాసి పంపిస్తాను. మీ చెల్లి విషయం ఇంకా మించిపోలేదు, శాంతంగా మాట్లాడుకుందాం.

ఆరోగ్యం జాగ్రత్త.

నీ శ్రేయోభిలాషి


పూర్వ విద్యార్థుల విభాగం
అక్టోబరు 14

కౌన్సెలర్ గారికి,

మీ ఉత్తరం చేరింది. నా పెళ్ళై పన్నెండేళ్ళయింది, ఇంతవరకు మీరు నాకు ఆరోగ్యం జాగ్రత్త అని రాయలేదు. మీరు తియ్యొద్దన్నారు కాబట్టే పట్టిక తీశాను.

రోల్ నంబరు ముప్ఫై ఏడు, ఎదురుగా మీ పేరు.

మా ఇంట్లో భోంచేస్తూ, నేను కొన్న చెప్పులు తొడుక్కుంటూ, మేడమ్ మోసగత్తె అని నాకు ఉత్తరాలు రాశారు. నేనేమో మీ కోసం దొంగలా బీరువా తెరిచాను. మా చెల్లి రేపటి నుంచి ఏ ముఖం పెట్టుకుని పాత ఉద్యోగం అడుక్కోవాలో మీరే ప్రశ్నలు అడిగి తేల్చండి, చదువుకున్నారు కదా.

సభకి రాననడానికి వీల్లేదు. మీరు వచ్చి మాట్లాడాలి. మాట్లాడకపోతే ఆ ఫారం నకలు మీ అన్నయ్య చేతిలో ఉంటుంది.

ఎందుకు రాశారో ఒక్కసారి చెప్పండి. అబద్ధం రాసేటట్లయితే మాత్రం స్టాంపు దండగ.

ఇట్లు,
గుమస్తా


స్కూలు, కౌన్సెలర్ గది
అక్టోబరు 19

వదినా,

నన్ను మీరు అనకు. తిట్టు, పడతాను.

ఆ ఫారం వచ్చిన రోజు నాకు ఉద్యోగం లేదు. పాసై ఎనిమిది నెలలైంది. పగలు షాపులో కూర్చుని కళ్ళజోళ్ళ పెట్టెలకి ధర చీటీలు అంటించేదాన్ని. ముందు రోజే ఒక పెద్ద ప్రైవేటు స్కూల్లో ఇంటర్వ్యూకి వెళ్ళొచ్చాను. వాళ్ళ నోటీసులో జీతం లక్షా ఇరవై వరకు అని ఉంది. నన్ను పట్టుమని పది నిమిషాలు కూడా కూర్చోబెట్టలేదు. బయటికి వచ్చేటప్పుడే తెలిసిపోయింది రాదని.

అన్నయ్య పక్కన కూర్చుని అద్దం అరగదీస్తూ, "ఏం రాస్తున్నావు అమ్మాయ్, జీతమా? ఎంత ఇస్తామన్నారు?" అని అడిగాడు. నోట్లోంచి లక్షా ఇరవై అని వచ్చేసింది. ఆ మొహం నువ్వు చూసి ఉండాల్సింది వదినా. మిషను ఆపేశాడు. చేతులు తుడుచుకున్నాడు. "చేరేదాకా మీ వదినకి కూడా చెప్పొద్దు," అన్నాడు. ఇంకేం చెయ్యను, ఆయన చూస్తుండగా గడిలో అదే రాశాను. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. కవరు అతికించి పోస్ట్ చేసింది అన్నయ్యే. నెల తర్వాత, వాళ్ళు ఆ పోస్టు తీసేశారని ఇంకో అబద్ధం చెప్పాను. నన్నే ఓదార్చాడు.

నేను చేరినప్పటి యాభై ఐదులో కూడా నాలాంటిది ఒకతి ఉండే ఉంటుంది. మూడేళ్ళుగా దాని మొహం ఊహించుకుని తిట్టుకుంటున్నాను. అన్ని ఫారాల్లో నాదొకటి ఏపాటిదిలే అని మరిచేపోయాను, నీ ఉత్తరం వచ్చాక ఆ మొహం నాదైంది.

సభకి వస్తాను. నీ పేరు, బీరువా పేరు నా నోట రావు. కానీ అన్నయ్యకి ఆ నకలు ఇవ్వకు, అసలు ఆ ఉద్యోగమే ఎవరూ ఇవ్వలేదని ఆయనకి ఇప్పటికీ తెలియదు. వేరే ఏ శిక్ష వేసినా సరే.

నీ ఆడపడుచు


పోస్టుకార్డు
నవంబరు 2

చదివాను. సభ పదో తేదీ, ఉదయం పదకొండుకి, రెండో అంతస్తు హాల్లో. రండి.


స్కూలు, కౌన్సెలర్ గది
నవంబరు 11

వదినా,

అన్నయ్యని తెచ్చావు.

నకలు చేతికి ఇవ్వొద్దని బతిమాలుకున్నాను. నువ్వు ఇవ్వలేదు, మనిషినే తెచ్చి రెండో వరసలో కూర్చోబెట్టావు. పెళ్ళిళ్ళకి వేసుకునే చొక్కా వేసుకొచ్చాడు. నన్ను వేదిక మీదికి పిలవగానే అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది అన్నయ్యే. నువ్వు తలుపు దగ్గర చేతులు కట్టుకుని చూస్తున్నావు. నేను వేసిన పథకాలన్నీ నీ ఒక్క పథకం ముందు ఎందుకూ పనికిరావు.

మైకు ఎత్తు రెండుసార్లు సరిచేశాను. అన్నయ్య చెయ్యి ఊపి, చెప్పు చెప్పు అని సైగ చేశాడు. చెప్పాను. "మీ చేతిలో ఉన్న బ్రోచరులో సగటు అరవై ఒక్క వేలు. ఆ సగటులో నేను రాసింది లక్షా ఇరవై. ఆ రోజు నాకు ఉద్యోగం లేదు, ఎవరూ ఇస్తామని కూడా అనలేదు. ఈ రోజు నా జీతం ఇరవై నాలుగు వేలు, అప్పు వాయిదా పద్నాలుగు." అన్నయ్య వైపు చూడకూడదనుకుంటూనే చూశాను. కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకున్నాడు.

తేనె మేడమ్ చిరునవ్వుతో లేచి, "ఇది వీరి వ్యక్తిగత అనుభవం," అని అందుకుంది. నేను మైకు వదల్లేదు. "మీకు ఎలా అనిపిస్తోంది మేడమ్?" అన్నాను. వెనక ఎవరో నవ్వారు. తర్వాత హాల్లో వాళ్ళతో, "నాకు నా ఫారం సంగతి ఒక్కటే తెలుసు. పాసైనవాళ్ళెందరు, జవాబిచ్చినవాళ్ళెందరు, పక్కన పెట్టినవి ఎన్ని, మేడమ్‌ని అడగండి," అన్నాను. ఆవిడ చెమట తుడుచుకుంది. మూడేళ్ళు ఎదురుచూశాను ఆ క్షణం కోసం. చూసే ఓపిక లేక పక్క మెట్లు దిగి వచ్చేశాను.

అన్నయ్య ఏమన్నాడో రాయి. లేదా ఏమీ అనలేదని రాయి.


ఇల్లు, వంటగది బల్ల
నవంబరు 25

నీకు,

కావాలనే పద్నాలుగు రోజులు ఆగి రాస్తున్నాను.

నువ్వు పారిపోయాక జరిగింది చెప్తాను, చూడలేదు కదా. మూడో వరసలో ఒక అమ్మాయి తండ్రి లేచి, పక్కన పెట్టినవి ఎన్ని అని అడిగాడు. వివరాలు ఆఫీసులో ఉంటాయంది మేడమ్. అంతే, హాలు హాలంతా మెట్లు దిగి నా బల్ల ముందు నిలబడింది. తాళంచెవి మేడమ్ దగ్గర ఉందని మాత్రం చెప్పాను. అందరి ముందు ఆవిడ తన చేత్తో బీరువా తెరిచి ఫారాలు తీసి ఇవ్వాల్సి వచ్చింది. నలభై ఒక్కమంది దరఖాస్తులు ఇచ్చారు ఆ పొద్దున, ఇరవై ఆరుగురు వెనక్కి పట్టుకుపోయారు. మర్నాడే బ్రోచర్లన్నీ కట్టలు కట్టి లోపల పెట్టించారు. "ఆవిడ మీ ఆడపడుచేగా?" అని అడిగింది మేడమ్. "అవునండీ, ఇంట్లో కూడా ఇంతే," అన్నాను. ఉద్యోగం ఇంకా ఉంది. ఫ్యాను మాత్రం ఇప్పుడు ఎవరూ తగ్గించడం లేదు.

మా చెల్లి కోర్సు మానేసింది. మొదటి టర్మ్ ఫీజు పోయినట్టే, మిగతా అప్పు తీసుకోకుండా ఆపాను. ఆసుపత్రిలో దాని కుర్చీలో వేరే అమ్మాయి ఉంది. మా చెల్లి నాతో మాట్లాడటం లేదు. నిన్ను మాత్రం నోరారా తిట్టింది, నేను ఒక్క తిట్టుకీ అడ్డు చెప్పలేదు.

మీ అన్నయ్యని తెచ్చింది నీకు నొప్పి కలగాలనే. కాదని బుకాయించను. ఆయనకి కూడా కొంచెం తగలాలనుకున్నాను, లక్షా ఇరవై సంగతి నా దగ్గర దాచినందుకు. మర్నాడు షాపులో ఒక పెద్దాయనకి కుడికంటి అద్దం ఎడమకంటికి బిగించి ఇచ్చారు. ఇరవై ఏళ్ళలో ఇదే మొదటిసారి. ఆ పెద్దాయన తిరిగొచ్చి కేకలేస్తే, డబ్బు వాపసు ఇచ్చి కొత్తవి చేసిచ్చారు. నేను అనుకున్నదానికంటే గట్టిగా తగిలింది, తప్పు నాదే.

మూడో రోజు భోంచేస్తూ మీ అన్నయ్య అన్నారు, "ఆ రోజు నేను పక్కన కూర్చుని అడక్కపోతే అమ్మాయి నిజమే రాసేది." అప్పటినుంచి పూటకోసారి అడుగుతున్నారు, నువ్వు ఎప్పుడొస్తావని. మీకు చేతులున్నాయి, ఫోన్ చెయ్యండి అన్నాను. నీకు ఫోన్ చెయ్యడానికి ఆయనకి సిగ్గట. తప్పు చేసింది నువ్వు, సిగ్గుపడేది ఆయన, మధ్యలో వంట చేసేది నేను.

నా కోపం పోలేదు, ఇప్పట్లో పోయేలా కూడా లేదు. ఆదివారం పొద్దున్నే రా. మీ అన్నయ్య పలకరిస్తారు. నేను నీతో మాట్లాడను. మాట్లాడటం లేదని నీకు తెలియాలంటే నువ్వు నా ఎదురుగా కూర్చుని ఉండాలి కదా, అందుకే రమ్మంటున్నాను.

వదిన